పైసలు తీసుకొని పాడే మనిషి

"ముమానీ, పాడినందుకు వాళ్ళు పైసలిస్తరా?" అని నదీం అడిగేసరికి అన్వరీ బేగం ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఛీ! పైసలకెవరు పాడ్తరురా? ఇస్తే వద్దనం, గంతే. అడుగుడైతే లేదు."

నదీం ఆమె భర్త మెహమూద్‌కు అక్క కొడుకు. నార్కట్‌పల్లిలో హైవే పక్కన నెట్ సెంటర్ నడుపుతాడు. కులం సర్టిఫికెట్ల నుంచి పాస్‌పోర్టుల దాకా అన్నీ నింపినవాడే గానీ, బ్రిటన్ వీసా దరఖాస్తు అతనికి అదే మొదటిది. మేనమామ భార్య ఎట్లా చెబితే అట్లా, 'లేదు' అన్నచోట నొక్కాడు. వృత్తి అన్నచోట 'గృహిణి' అని కొట్టాడు. యాభై మూడేళ్ళ అన్వరీ తృప్తిగా తలూపింది. పెళ్ళి ఇళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఆమెకు మర్యాద తెచ్చిపెట్టినవి ఆ రెండు జవాబులే. మూడు వారాల తర్వాత పాస్‌పోర్టుతో పాటు తిరస్కార పత్రం తెచ్చిపెట్టినవీ అవే.

అన్వరీ పాడేవి ఢోలక్ పాటలు. పెళ్ళికి ముందు పసుపు రోజున, మెహెందీ రోజున ఆడవాళ్ళందరూ నేల మీద పరిచే ఫర్ష్ అనే తెల్లటి దుప్పటి మీద చేరి దక్కనీ ఉర్దూలో పాడుకునేవి. సగం పాటలు పెళ్ళికూతుర్ని ఏడిపిస్తాయి, మిగతా సగం వియ్యపురాలిని ఉతికి ఆరేస్తాయి. నల్లగొండ నుంచి కోస్గి దాకా, తెలిసిన ఇంట్లో పెళ్ళంటే అన్వరీ రావలసిందే. ఆమె ఢోలక్ ఒళ్ళోకి తీసుకుందంటే చాలు, వియ్యపురాలు ముందు జాగ్రత్తగా కొంగు సర్దుకునేది.

ఈ పాటలు పాడేవాళ్ళలో రెండు రకాలున్నారు. చుట్టరికం మీద వచ్చి ఫర్ష్ నడుమ కూర్చునేవాళ్ళు ఒక రకం. బయానా, అంటే అడ్వాన్సు, తీసుకుని బృందంగా వచ్చి చెప్పులు విడిచే చోట కూర్చునేవాళ్ళు రెండో రకం. పాటలు అవే, ఢోలక్ అదే. మొదటివాళ్ళకు చీర పెట్టి పంపుతారు, రెండోవాళ్ళకు కూలి ఇచ్చి పంపుతారు. మొదటిదాన్ని ప్రేమ అంటారు, రెండోదాన్ని పని అంటారు. కళ అమ్ముకునేది కాదని సభల్లో చెప్పేవాళ్ళకు ఈ ఏర్పాటు చాలా నచ్చుతుంది. చెప్పులు విడిచే చోట వాళ్ళెన్నడూ కూర్చోలేదు మరి.

నల్లగొండలో జానపద సాహిత్యం పాఠం చెప్పే మంజులత నాలుగేళ్ళుగా అన్వరీ పాటలు రికార్డు చేస్తోంది. అవి విని ఉత్తర ఇంగ్లండులోని ఒక కళాసంస్థ ఇద్దరినీ పిలిచింది. మే ఆఖరి వారంలో స్త్రీల పాటల ఉత్సవం. అన్వరీ రెండు సాయంత్రాలు పాడాలి, ఒక రోజంతా నేర్పాలి. మంజులత అక్కడి విశ్వవిద్యాలయంలో ఆ పాటల గురించి నలభై నిమిషాలు మాట్లాడాలి. ఇద్దరికీ పారితోషికం ఉంది. ఇద్దరూ ఒకే నిబంధన కింద దరఖాస్తు చేశారు. పాట గురించి మాట్లాడే మనిషికి వీసా వచ్చింది. పాడే మనిషికి రాలేదు.

తిరస్కార పత్రం పట్టుకుని మంజులత నార్కట్‌పల్లికి వచ్చింది. మెహమూద్ లారీల సీట్లు కుట్టే దుకాణం వెనకే ఇల్లు. అన్వరీ కూర్చోదు, నిలబడదు. స్టీలు డబ్బా మూత మీద వేళ్ళు ఆడిస్తుంది, వాకిట్లోకి పోతుంది, మళ్ళీ లోపలికి వస్తుంది.

"అక్కా, నువ్వు జర కూసో. నాకు తల తిరుగుతాంది," అంది మంజులత. "పాపం ఆ ఆఫీసర్‌ది తప్పేం లేదు. సంస్థోళ్ళేమో పైసలిచ్చి పాడిస్తున్నమని రాసిన్రు. నువ్వేమో పైసలు లేవన్నవ్. సంస్థోళ్ళు కళాకారిణి అన్నరు. నువ్వు గృహిణి అన్నవ్. ఎవర్ని నమ్మాలె ఆయన?"

"నేను అబద్ధం చెప్పలే మేడం. నేను ఇంట్ల ఉండే మనిషినే గదా?"

"ఉట్టిగ చూసిపోనీకి వచ్చేటోళ్ళు అక్కడ పైసా సంపాదించొద్దు. నాసొంటి మాస్టర్లకు, నీసొంటి పాడేటోళ్ళకు ఒక చిన్న తొవ్వ ఇడిసిన్రు. అక్కడోళ్ళు పేరు పెట్టి పిలవాలె. పని ముందే ఖాయం గావాలె. నెల లోపల ముగించుకోవాలె. అన్నిటికంటె ముందు, అది నీ పనే అయి ఉండాలె. సరదా గాదు, పని. నా పని కాలేజోళ్ళు రాసిస్తే అయిపోయింది. నీ పని ఎవరు రాసియ్యాలె?"

"ఎవరు రాస్తరు?"

"పాడిచ్చుకున్నోళ్ళు. పాడిచ్చుకుని పైసలిచ్చినోళ్ళు."

మళ్ళీ దరఖాస్తు చేసే ఖర్చు సంస్థ పెట్టుకుంటానంది. రికార్డింగులున్నాయి, పేపర్లో వచ్చిన వ్యాసం ఉంది, రేడియో వాళ్ళు ఇచ్చిన పత్రం ఉంది. లేనిది ఒక్కటే, ఈమె పాడి సంపాదిస్తుంది అని ఎవరైనా సంతకం పెట్టిన కాయితం. దానికి గడువు పన్నెండు రోజులు. ఆ గడువు పెట్టింది వీసా ఆఫీసు కాదు. రంజాన్ తర్వాతి షవ్వాల్ నెల అయిపోతే జీఖాద్ వస్తుంది. దాన్ని ఇక్కడి ముస్లింలు ఖాలీ నెల అంటారు, అందులో చాలామంది పెళ్ళిళ్ళు పెట్టుకోరు. బక్రీద్ దాకా ఢోలక్‌కు గుడ్డ కప్పి అటక మీద పెట్టవలసిందే. ఉత్సవం ఆ లోపలే అయిపోతుంది.

మరునాడే అన్వరీ నల్లగొండ బస్సెక్కింది. ముందు బియ్యం మిల్లు వాళ్ళ ఇంటికి పోయింది. ఆ ఇంట్లో నాలుగు పెళ్ళిళ్ళకు ఆమె గొంతు బొంగురుపోయేదాకా పాడింది. ఇంటి పెద్దావిడ చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, షర్బత్ తాగించి, విషయం విని నవ్వింది. నవ్వు ఆగాక మొహం గట్టిపడింది.

"నీకు మేం కూలి ఇచ్చినమా, అన్వరీ? పెద్దకోడలి పెండ్లిల దిష్టి తీసి నోట్ల కట్ట నీ ఒళ్ళ పెట్టిన్నంటే అది ప్రేమతోని. ఇప్పుడది కూలి అని రాసియ్యమంటవా? బజార్ల మా ఇజ్జత్ ఏంగావాలె? చుట్టాలను కిరాయికి తెచ్చిన్రంటరు."

రెండో ఇంట్లో అదే మాట. మూడో ఇంట్లో ఇంకాస్త మెత్తగా అదే మాట, పోతూ పోతూ ఒక రవిక గుడ్డ కూడా. బస్టాండులో ఆ రవిక గుడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అన్వరీకి మొదటిసారి ఒళ్ళు మండింది. ఇచ్చినప్పుడు లేని సిగ్గు ఇచ్చామని రాయడానికి ఎక్కడినుంచి వచ్చింది?

మెహమూద్ ఈ తతంగమంతా నాలుగు రోజులు చూసి, ఐదో రోజు దుకాణంలోంచే అరిచాడు.

"ఇగ బంద్ చెయ్యి! మా ఖాందాన్‌ల పైసలకు పాడిన ఆడది లేదు. లండన్ లేకపోతే సచ్చిపోతమా?"

అన్వరీ రొట్టెల పిండి చేతులతోనే దుకాణంలోకి వచ్చింది. అతను కుడుతున్న మిషన్ మీద, రెగ్జిన్ గుడ్డ పక్కన, చెయ్యి వేసి, ఎప్పటిలా కొడుకు పేరుతోనే పిలిచింది.

"అమీర్ అబ్బా, ఈ మిషన్ ఎక్కడిది?"

"ఏ మిషన్?"

"నీ కాళ్ళ కింద తిరిగే మిషన్. మిల్లోళ్ళ పెద్దకోడలి పెండ్లిల నా ఒళ్ళ పడ్డ పైసలతోని కొన్నవా లేదా? అమీర్‌గాని డిగ్రీ ఫీజు? ఇంటి మీద రేకులు? పెట్టెల ఉన్న చీరల్లో ఒక్కటన్న నువ్వు కొన్నదుందా?"

మెహమూద్ దారం తెగిందన్నట్టు సూదిలోకి తొంగి చూశాడు. దారం తెగలేదు.

"అది వేరే," అన్నాడు చివరికి.

"ఏం వేరే? చెప్పు."

బయట ఒక లారీ డ్రైవర్ హారన్ కొడితే లేచి పోయాడు. సాయంత్రం దాకా అన్వరీ తన నోటి నుంచే వచ్చిన మాటను తాను మళ్ళీ మళ్ళీ వింటూ ఇల్లంతా తిరిగింది. భర్తను గెలవాలని అన్న మాట నిజమై కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా తాను పైసలు తీసుకునే పాడుతోంది. కాకపోతే, తీసుకుంటున్నట్టు కనబడకుండా తీసుకుంది.

ఇక మిగిలింది గజాలా.

గజాలాది నల్లగొండ పాతబస్తీ. పన్నెండేళ్ళుగా ఢోలక్ పార్టీ నడుపుతోంది. నలుగురు ఆడవాళ్ళు, ఒక కీబోర్డు, ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు అడుగుతున్నారని అచ్చు వేయించుకున్న, పైసలిచ్చినవాళ్ళే రాసి సంతకం పెట్టే రసీదు పుస్తకం. పెళ్ళిళ్ళలో వాళ్ళిద్దరూ చాలాసార్లు ఒకే గదిలో పాడారు, ఒకరు ఫర్ష్ మీద, ఒకరు గుమ్మం దగ్గర. అన్వరీ ఎన్నడూ ఆమె వైపు చూసి పలకరించలేదు.

"అరె, బేగం సాబ్! మా గల్లీకొచ్చిన్రు? తొవ్వ తప్పిన్రా?" అని గజాలా తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

అన్వరీ నిలబడే అంతా చెప్పింది. గజాలా నడుము మీద చెయ్యి పెట్టుకుని వింది.

"అంటే, మీరు పైసలకు పాడే మనిషని నేను రాసియ్యాలె."

"ఉట్టిగ రాయమంటలేను. నీ పార్టీల పాడ్త. పాడినంకనే రాయి."

"మిర్యాలగూడ పెండ్లి యాదికున్నదా? నాకు ఖాయమైంది. బయానా గూడ పట్టిన. మీరు చుట్టంగ వస్తున్నరని తెలిసి నా దగ్గర వాపస్ తీసుకున్నరు. ముఫ్త్‌ల దొరుకుతుంటే గజాలా ఎందుకు? గట్ల ఒకటా, రెండా? మీరు ప్రేమతోని పాడిన ప్రతి పెండ్లిల మా నలుగురి పొయ్యి సల్లారింది, బేగం సాబ్. మీకు ఎరుక లేదు. మీరు ఇటుదిక్కు చూస్తే గదా!"

ఇంకెక్కడైనా అయితే లేచి వచ్చేసేది. ఇక్కడ కూర్చోనే లేదు, లేవడానికి.

"నిజమే," అంది.

గజాలా ఆ మాట వస్తుందనుకోలేదు. తలుపు పూర్తిగా తీసింది.

"బేస్తవారం కొత్తకోటల ఒకటుంది. షవ్వాల్‌ల నాకు అదే ఆఖరిది. పెండ్లికూతురి తల్లి పేరు జబీన్. మీకేమన్న అయితదా?"

అయితది. సొంత చిన్నమ్మ కూతురు. చుట్టంగా రమ్మని పది రోజుల కిందటే అన్వరీకి పిలుపు వచ్చింది.

"ఇంకోటి చూడు," అంది అన్వరీ.

"ఇంకోటి లేదు. షరతులు గూడ ఇనండి. మాతోనే బండిల రావాలె. మాతోనే కూసోవాలె, మాతోనే తినాలె. ఫర్ష్ మీదికి పోవుడు లేదు. చీర గీర పెడితే పట్టుడు లేదు. పెండ్లోళ్ళు ఇచ్చిన దాంట్లె అయిదో వంతు మీది. ఒప్పుకుంటరా?"

బేస్తవారం పొద్దున్నే తూఫాన్ బండి దేవరకొండ మీదుగా బయలుదేరింది. ఐదుగురు ఆడవాళ్ళు, రెండు ఢోలక్‌లు, కాళ్ళ మధ్య కీబోర్డు. దారి పొడుగునా గజాలా పార్టీవాళ్ళు జోకులు వేసుకుంటున్నారు. అన్వరీ కిటికీ రాడ్ మీద వేళ్ళు ఆడిస్తోంది. అచ్చంపేట దాటాక ఒకామె, "అక్కా, గది బాగుంది, జర గట్టిగ కొట్టు," అంటే గానీ తాను కొడుతున్నట్టు ఆమెకు తెలియలేదు.

కొత్తకోటలో బెంగళూరు రోడ్డు మీద ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం పసుపు వేడుక. ఆడవాళ్ళ వైపు తెల్లటి ఫర్ష్, బంతిపూల పందిరి కింద పెళ్ళికూతురు. పార్టీకి చోటు తలుపు పక్కన, కూలర్ వెనక. గాలి అటు పోతుంది, తడి ఇటు కారుతుంది. అన్వరీ చెప్పుల గుట్ట పక్కన మోకాళ్ళు మడిచి కూర్చుంది.

జబీన్ చూసి పరుగున వచ్చింది. "ఆపా! గిక్కడ కూసున్నవేంది? రా, లోపలికి రా. అందరూ అడుగుతున్నరు."

"నేను వీళ్ళతోని వచ్చిన, జబీన్. పాడనీకి వచ్చిన."

"పాడు, ఎవరొద్దన్నరు? ఫర్ష్ మీద కూసోని పాడు."

"పైసలకు పాడనీకి వచ్చిన."

జబీన్ ముందు నవ్వింది. తర్వాత గజాలా మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "పిల్లగాని తరఫోళ్ళు చూస్తున్నరు ఆపా. నా పెద్దక్కవు నువ్వు. చెప్పుల కాడ కూసుంటవా? నా పరువు తీస్తవా?"

అన్వరీ కళ్ళు ఫర్ష్ నడుమ ఉన్న ఖాళీ జాగా మీదికి పోయాయి. అది ఆమె కోసం వదిలిన జాగానే. పది అడుగుల దూరం. లేచిపోతే ఎవరూ ఏమీ అనరు, గజాలా తప్ప. గజాలా ఢోలక్ తాళ్ళు బిగిస్తూ తల వంచుకుంది.

అన్వరీ ఢోలక్ అందుకుంది.

ఆ రోజు ఆమె బాగా పాడిందని చెప్పడం సులువు. మొదటి రెండు పాటలు బాగా పాడలేదు. ఒకచోట చరణం మరిచిపోతే గజాలా అందుకుంది. మూడో పాట వియ్యపురాలి మీద. ముక్కుపుడక పోయిందని ఊరంతా వెతికించి చివరికి తన ముక్కుకే చూసుకున్న వియ్యపురాలి పాట. ఫర్ష్ మీద ఉండగా అన్వరీ ఈ పాటను కాస్త జాగ్రత్తగా పాడేది, చుట్టరికం చెడకుండా. ఇక్కడ కాపాడవలసిన చుట్టరికం ఏదీ మిగల్లేదు. ముక్కు నుంచి నడక దాకా, నడక నుంచి నడుము దాకా పోయింది. పిల్లగాని తల్లి కళ్ళలో నీళ్ళొచ్చేట్టు నవ్వి, "ఎవరీ ముసల్ది? మా ఊర్లె పెండ్లికి గూడ పిలవాలె," అంది.

పార్టీకి భోజనాలు చుట్టాలు తిన్నాక, మూడు దాటాక పెట్టారు. బిర్యానీలో ముక్కలు అయిపోయాయి. "రోజూ గిట్లనే," అంది గజాలా పక్కనున్న ఆమె, మామూలుగా.

అసలు పని అప్పుడు వచ్చింది. గజాలా రసీదు పుస్తకం తీసుకుని జబీన్ దగ్గరికి పోయి, రసీదు రాయించకుండానే తిరిగి వచ్చింది.

"పైసలిచ్చింది. పార్టీ పేరు మీద రాస్తదంట. మీ పేరు రాయదంట. నేనేం జెయ్యాలె?"

పార్టీ పేరు మీద రాసిన కాయితం అన్వరీకి దేనికీ పనికిరాదు. ఆమె లేచి, రసీదు పుస్తకం తీసుకుని, చెప్పుల మధ్య నుంచి నడిచి ఫర్ష్ అంచున నిలబడింది. జబీన్ పిల్లగాని తల్లి పక్కన కూర్చుని ఉంది.

"జబీన్, నా పేరు రాయి."

"తర్వాత మాట్లాడుదాం ఆపా."

"తర్వాత లేదు. గింతసేపు పాడిన. అన్వరీ బేగం, ఢోలక్ పాటలు పాడినందుకు. గంతే రాయి. కింద సంతకం పెట్టు."

ఆడవాళ్ళు అటు తిరిగారు. జబీన్ చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను తీసుకుని, తల ఎత్తకుండా రాసింది. పుస్తకం చేతికివ్వలేదు, ఫర్ష్ మీద పెట్టింది. అన్వరీ వంగి తీసుకుంది. బండి కదిలేటప్పుడు జబీన్ బయటికి రాలేదు.

శుక్రవారం నదీం దుకాణంలో మళ్ళీ అదే దరఖాస్తు. గజాలా రాసిచ్చిన కాయితం, రసీదు, రికార్డింగుల జాబితా, పేపర్ ముక్క. మొదటిసారి తిరస్కరించిన సంగతి దాచొద్దని, పాత జవాబు ఎందుకు తప్పో కూడా రాయమని మంజులత గట్టిగా చెప్పింది. ఆ ఉత్తరం చెబుతుంటే రాసుకోవడానికి నదీంకు గంట పట్టింది.

"మా ఇండ్లల్ల చీరలు, దిష్టి పైసలు ఇస్తరు. వాటిని కూలి అనరు. నేను గూడ అనలే. అవి కూలే. గా పైసలతోనే ఇల్లు నడిసింది. పోయినసారి ఇది చెప్పనీకి సిగ్గుపడ్డ." నదీం వేళ్ళు ఆగిపోయాయి. "రాయిరా. ఏం చూస్తున్నవ్?"

"ముమానీ, వృత్తి?"

"ఢోలక్ పాటలు పాడ్త."

"పైసలిస్తరా?"

"ఇస్తరు."

తర్వాతి మూడు వారాలు అన్వరీ మనిషి ఇంట్లో ఉంటే మనసు ఉండలేదు. పెరుగు తోడు వేయడం మరిచింది, వేసిన రోజు రెండుసార్లు వేసింది. కొత్తకోట సంగతి ఆమె కంటే ముందే నార్కట్‌పల్లికి వచ్చింది. మసీదు గల్లీలో ఇద్దరు ఆడవాళ్ళు పలకరింపు తగ్గించారు, ఒకామె మాత్రం ఆపి, "ఎంతిచ్చిన్రు?" అని ఆశగా అడిగింది. మెహమూద్ అన్నం తిని దుకాణంలోకి పోతాడు. వీసా రాకపోతే? పరువూ పోయి ప్రయాణమూ పోతుంది. ఆ మాట మంజులతతో అంటే, "రాకపోవచ్చు అక్కా. ఒక్క రసీదు తక్కువే. కాని ఇప్పుడు కాయితాలన్నీ ఒకే మాట చెప్తున్నయి," అంది. అది ఓదార్పు కాదు. మంజులతకు ఓదార్చడం రాదు.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు నదీం ఫోన్ చేశాడు. అన్వరీ చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూరకుండానే సర్వీసు రోడ్డు వెంట నడిచింది. కవరు నదీమే చించాడు. వీసా ఉంది. తారీకులు చదివాడు. ఆమెకు వినబడలేదు, మళ్ళీ చదవమంది.

బయటికి వచ్చి, లారీల రొదలో చెవి మూసుకుని, జబీన్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారి కూడా ఎత్తలేదు. అప్పుడు గజాలాకు చేసింది.

"వచ్చిందా? ముబారక్, బేగం సాబ్. మళ్ళెప్పుడొస్తరు?"

"బక్రీద్‌కు ముందే వస్త."

"అయితే ఇనండి. బక్రీద్ అయినంక అయిదు రోజులకు దేవరకొండల పెండ్లి. మాట్లాడనీకి వచ్చిన్రు. మీ ఆడిబిడ్డ అత్తగారి తరఫోళ్ళట. మిమ్మల్ని చుట్టంగ పిలుస్తమంటున్నరు, నాకు బయానా ఎందుకని అడుగుతున్నరు. ఇప్పుడే చెప్పాలె, ముంగట్నే కూసున్నరు. ఏం జెప్పమంటరు?"

అన్వరీకి మెహమూద్ మొహం కనబడింది, ఆడబిడ్డ మొహం కనబడింది. ఒక కంటైనర్ దుమ్ము లేపుతూ పోయింది. అవతల గజాలా ఊపిరి వినబడుతోంది, దాని వెనక ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"చుట్టంగ రానని చెప్పు," అంది అన్వరీ. "బయానా పట్టు."

ఫోన్ పెట్టేసింది. ఇంటి వైపు నాలుగు అడుగులు వేసి ఆగింది. జబీన్ నంబరు మళ్ళీ నొక్కింది.